కాలి బొటనవేలు ఎంత వాలింది? కాగితం, పెన్సిలు, కాస్త లెక్క

బనియన్ అనగానే మనకి చొక్కా కింద తొడుక్కునేదే గుర్తొస్తుంది. పోయిన ఏడాది డాక్టరుగారు మా ఆవిడ పాదం చూసి ఆ మాట అన్నప్పుడు నాకూ అదే గుర్తొచ్చింది. కాలి బొటనవేలు పక్కవేలి మీదికి వాలి, దాని మొదట్లో కీలు బయటికి పొడుచుకొస్తే ఇంగ్లీషులో అలా అంటారట. తను ఇక్కడ సాల్మియాలో టీచరు, రోజంతా నిలబడే పని. "ఇది పెరుగుతోందా, అలాగే ఉందా?" అని ఆయన అడిగితే ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

ఎక్స్‌రేలో అయితే బొటనవేలి మొదటి ఎముకకీ, దాని వెనక పాదంలో ఉండే పొడుగాటి ఎముకకీ మధ్య కోణం కొలుస్తారు. 15 డిగ్రీలలోపు మామూలు, 40 దాటితే తీవ్రం. నెలనెలా ఎక్స్‌రే తీయించలేం కాబట్టి ఓ శుక్రవారం కాగితం పట్టుకున్నాను.

మీరూ చేసి చూడొచ్చు. కార్పెట్ మీద పెన్సిలు దిగబడుతుంది, అంచేత వంటింట్లో టైల్స్ మీద ఏ-4 కాగితం పరవండి. మడమ కాగితం అంచుకి ఆనాలి. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడాలి. ఎవరి పాదం వాళ్ళే గీసుకోకూడదు, వంగితే పాదం కదులుతుంది. పెన్సిలు నిటారుగా పట్టుకుని రెండోవాళ్ళు గీయాలి. తర్వాత పాదం లోపలి అంచున, మడమనీ పొడుచుకొచ్చిన కీలునీ తాకుతూ ఒక గీత గీసి ముందుకి పొడిగించండి. ఆ కీలు దగ్గర్నుంచే బొటనవేలి అంచుని తాకుతూ రెండో గీత. ఈ రెండు గీతల మధ్యదే మన కోణం.

కోణమానిని లేకపోతే, మొదటి గీత మీద కీలు నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో లంబం గీసి, అది రెండో గీతని ఎంత దూరంలో కలుస్తుందో చూడండి. 4 సెంటీమీటర్లయితే దాదాపు 22 డిగ్రీలు. ఎక్సెల్లో ఆర్క్ టాంజెంట్ తీసేవాళ్ళు జాగ్రత్త, అది రేడియన్లలో ఇస్తుంది. నేను 0.38 చూసి డిగ్రీలనుకుని కాసేపు సంబరపడ్డాను.

మొదటి వారం 22 వచ్చింది. మరుసటి వారం 25! మా ఆవిడ హడలిపోయి, ఇండియా వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంటానంది. నాకు అనుమానమొచ్చి ఆ సాయంత్రమే అదే పాదాన్ని ఐదుసార్లు గీశాను. 21, 24, 22, 26, 23. పాదం మారలేదు, నా చెయ్యే మారుతోంది! ప్రోగ్రాము వేగం కొలిచేటప్పుడు ఒక్కసారి నడిపి వదిలెయ్యం కదా, ఇంట్లో ఆ బుద్ధి ఏమైందో. అప్పట్నుంచి నెలకోసారి, అదే వేళకి (సాయంత్రానికి పాదాలు వాస్తాయి), ఐదు బొమ్మలు గీసి సగటు రాస్తున్నాం. మొదటి సగటు 23, ఆర్నెల్లకి 24. ఆ ఒక్క డిగ్రీనీ నేను లెక్కలోకి తీసుకోను.

ఈ అంకెని ఎక్స్‌రే అంకెతో పోల్చకండి. మనం కొలిచేది చర్మం అంచుని, ఎముకని కాదు. మన పాత అంకెతోనే పోల్చుకోవాలి.

అసలు లాభం వేరేచోట వచ్చింది. తను స్కూలుకి వేసుకెళ్ళే బూట్ల లోపలి అట్ట తీసి ఆ బొమ్మ మీద పెడితే, కీలు దగ్గర పాదం సెంటీమీటరు బయటికి ఉంది! వెడల్పాటివి కొన్నాం, నొప్పి బాగా తగ్గింది. వాలిన వేలు మాత్రం వెనక్కి రాదు. ఆపరేషన్ సంగతి నొప్పినీ నడకనీ బట్టి ఆలోచిద్దామన్నారు డాక్టరుగారు, కాగితాలన్నీ తిరగేసి.

షుగరు ఉన్నవాళ్ళు, కీలు మీద పుండో తిమ్మిరో ఉంటే, ఈ గీతలు పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.