కాలి పుండుతో డ్యూటీ చేసేవాళ్లకు

సింధనూరు రైస్ మిల్లుల్లో, హోటల్ పొయ్యిల దగ్గర, సెక్యూరిటీ గేట్ల దగ్గర రోజంతా నిలబడి పనిచేసే మనవాళ్లకు చీలమండ పైన మానని పుండు పడితే, ముందు దాన్ని దాస్తారు. వాసన రాకుండా పౌడర్ చల్లుకుంటారు. బస్సులో సీటున్నా ఎవరి పక్కనా కూర్చోరు. మధ్యాహ్నానికి కట్టు తడిసి సాక్సుకు అంటుకుంటుంది. రాత్రంతా సలుపు, మర్నాడు పనిలో పొరపాట్లు. ఉద్యోగం పోతుందని దాస్తారు గానీ, ఉద్యోగానికి ఎసరు పెట్టేది ఆ దాపరికమే.

ముందు పుండు ఎందుకు మానడం లేదో తేల్చుకోండి. నరాలు ఉబ్బి, సాయంత్రానికి కాలు వాచి, చీలమండ లోపలి పక్క పుండు పడిందంటే రక్తం పైకి ఎక్కక కాల్లోనే నిలుస్తోందని అనుమానించాలి. అప్పుడు ఆయింట్‌మెంట్లు ఎన్ని మార్చినా లాభం తక్కువ. పాదం నుంచి మోకాలి దాకా బిగువుగా కట్టే కంప్రెషన్ బ్యాండేజే అసలు వైద్యం. అయితే సొంతంగా కట్టుకోవద్దు. కాలికి రక్తం సరిగా అందని వాళ్లకు బిగిస్తే కాలికే ముప్పు. రాయచూరు రిమ్స్ లాంటి ఆస్పత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లి, డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) కావాలేమో అడగండి. అరికాల్లో నొప్పి తెలియని పుండైతే షుగర్, స్పర్శ పరీక్షలు తప్పనిసరి. పసుపు, సున్నం, పసర్లు పెట్టి నెలలు గడపకండి.

తర్వాత సెలవు సంగతి. జీతంలో ఈఎస్‌ఐ కోత ఉంటే, ముందటి ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజుల చందా పడి ఉంటే, ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. నెలకు 15,000 తీసుకునే ఆపరేటర్ 20 రోజులు సెలవు పెట్టాడనుకుందాం. మొదటి రెండు రోజులకు రాదు. మిగతా 18 రోజులకు రోజుకు సుమారు 350 చొప్పున 6,300. ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ లేకపోతే అదీ రాదు.

సూపర్‌వైజర్ దగ్గర "ఒంట్లో బాగాలేదు సార్" అంటే పని జరగదు. డాక్టర్ చీటీ చూపించి, "మూడు వారాలు కాటా దగ్గర కూర్చునే పని ఇవ్వండి, ఫలానా తేదీకి మళ్లీ లైన్ మీదికి వస్తాను" అని చెప్పండి. కాల్లో రక్తం నిలిచి పడిన పుండైతే, అది అంటుకోదని కూడా చెప్పండి. తోటివాళ్ల అనుమానం అదే.

పుండు మానాక కట్టు బదులు డాక్టర్ రాసిచ్చే కంప్రెషన్ స్టాకింగ్స్‌ను, మానింది కదా అని వదిలేస్తే పుండు మళ్లీ తిరగబెట్టే ముప్పు ఎక్కువ. మన ఎండల్లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పొద్దున మంచం దిగకముందే వేసుకోండి. ఉక్క భరించలేకపోతే డాక్టర్‌కు చెప్పి తక్కువ బిగువుది రాయించుకోండి, మూలన మాత్రం పడేయకండి.