గోదావరి స్నానంలో కాటన్ దొర పేరెందుకు?

గోదావరి స్నానం చేయించేటప్పుడు కొందరు పండితులు కాటన్ దొరను భగీరథుడని శ్లోకంలో తలుచుకుంటారు. "ఆయన క్రైస్తవుడు కదండీ, ఎలా కుదిరింది?" అంటారు మన కుర్రాళ్లు.

1832-33 కరువులో ఇక్కడ ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి, పక్కన గోదారి సముద్రంలో కలుస్తూనే ఉంది. ఆర్థర్ కాటన్ గట్టి భక్తుడు, కానీ ప్రార్థనతో ఆగలేదు. కంపెనీని ఒప్పించి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలెట్టి, 1852కి పూర్తి చేయించారు. (పన్ను రాబడి మీద కంపెనీకి ఆశ లేకపోలేదు లెండి.) మన వీణం వీరన్నగారు ఆ పనిలో ఆయనకు కుడిభుజం.

నాకు ఇంకా నచ్చేది తర్వాతి సంగతి. 1876-78 కరువులో లక్షలమంది పోతుంటే, రైళ్లకన్నా ముందు కాలువలు తవ్వండని సొంత ప్రభుత్వంతోనే పోట్లాడారు. 70 దాటిన వయసులో పార్లమెంటు కమిటీకి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చినా మాట మార్చలేదు.

2027 పుష్కరాలకు వెళ్లేవాళ్లు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా చూసి రండి.