స్కూలు లాప్‌టాప్ వేరు, ఇంటి లాప్‌టాప్ వేరు



అమెరికాలో స్కూలు తెరవగానే చాలామంది పిల్లల చేతికి ఒక క్రోమ్‌బుక్ వస్తుంది. ఇంట్లో పాత విండోస్ లాప్‌టాప్ ఉండనే ఉంటుంది. రెండింటికీ ఏ యాంటీవైరస్ కొనాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. చాలా ఇళ్ళలో కొనవలసిన పనే లేదు.

క్రోమ్‌బుక్ ఆన్ చేసిన ప్రతిసారీ తన సిస్టమ్‌ను ఎవరైనా మార్చారేమో తానే చూసుకుంటుంది. పైగా అది స్కూలువారి సొత్తు. మనం ఏమీ ఎక్కించకూడదు. ఇంటర్నెట్ ఖర్చులో ఫెడరల్ రాయితీ తీసుకునే స్కూళ్ళు అసభ్య చిత్రాలను అడ్డుకునే ఫిల్టర్ పెట్టాలని 2000లో చట్టం వచ్చింది. ఆ ఫిల్టర్ చాలాచోట్ల ఇంటికొచ్చినా పనిచేస్తుంది. అందులో చేసే పనులను స్కూలువారు చూడగలరు కూడా. కాబట్టి అమ్మానాన్నలు దానిమీద బ్యాంకు పనులు, టాక్స్ ఫైలింగ్ పెట్టుకోవద్దు.

విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఉచితంగానే ఉంది. కొత్త లాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ ఉన్నంతకాలం అది పక్కకు తప్పుకుంటుంది. గడువు తీరాక ట్రయల్‌ను తీసేస్తే మళ్ళీ పనిలోకి వస్తుంది. ఇండియాలో కొన్న లాప్‌టాప్‌లో కాస్పర్‌స్కీ ఉంటే తీసేయండి. అమెరికా ప్రభుత్వ నిషేధంతో 2024 సెప్టెంబరు 29 తర్వాత ఇక్కడ దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. మీది ఇంకా అదే అయితే 11కి మారండి. అప్‌డేట్ లేని కంప్యూటర్‌కు ఎంత ఖరీదైన యాంటీవైరస్ వేసినా లాభం తక్కువే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా దొంగ లోపలికి వచ్చే దారి ఒకటుంది. స్క్రీన్ నిండా ఎర్రని హెచ్చరిక, చెవులు చిల్లులుపడే మోత, "మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అన్న మాట. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాడు ఎనీడెస్క్ లాంటిది ఎక్కించమంటాడు, తర్వాత గిఫ్ట్ కార్డులు కొనమంటాడు. మనమే తలుపు తీసి పిలిస్తే ఏ సాఫ్ట్‌వేర్ ఆపుతుంది?

గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చి పగలంతా ఒంటరిగా ఉండే అమ్మమ్మ, తాతయ్యలకు ఇది ముందే చూపించండి. హిందీలోనో తెలుగులోనో ఆప్యాయంగా పలకరించాడని మనవాడు అనుకోవద్దని చెప్పండి. ఆ హెచ్చరిక కనబడితే ఏమీ నొక్కకుండా పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపేస్తే చాలు. ఎవరినైనా ఇప్పటికే లోపలికి రానిచ్చి ఉంటే వెంటనే వైఫై తీసేయండి. కార్డు వెనుక ఉన్న నంబరుకే ఫోన్ చేసి బ్యాంకుకు చెప్పండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

పిల్లలైతే తిడతారన్న భయంతో దాస్తారు, ఆ ఆలస్యమే నష్టం. తిట్టమని ముందే మాట ఇవ్వండి. ఇంటి లాప్‌టాప్‌లో వాళ్ళకు అడ్మిన్ అధికారం లేని వేరే అకౌంట్ పెట్టండి. ఆట పేరుతో ఏదైనా ఎక్కించబోతే చాలాసార్లు మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్‌ను మాత్రం, మన సండే స్కూళ్ళలో తరచూ కనబడేట్టు, చీటీ మీద రాసి లాప్‌టాప్‌కే అంటించకండి.