పంట ప్రయోగాలలో తేదీల నమోదు: స్ప్రెడ్‌షీట్ ప్రాంతీయ అమరికల వలన కలిగే దోషాలు, వాటి నివారణ

సారాంశం

పంట ప్రయోగాల దత్తాంశాన్ని నేడు ఎక్కువగా స్ప్రెడ్‌షీట్లలోనే నమోదు చేస్తున్నారు. భారతదేశంలో తేదీని రోజు–నెల–సంవత్సరం క్రమంలోనూ, అమెరికాలో నెల–రోజు–సంవత్సరం క్రమంలోనూ వ్రాస్తారు. కంప్యూటర్‌లోని ప్రాంతీయ అమరిక ఈ రెండింటిలో దేనిని అనుసరిస్తే తేదీ ఆ విధంగానే గ్రహింపబడుతుంది. ఫలితంగా కొన్ని తేదీలు ఎటువంటి హెచ్చరిక లేకుండా తారుమారవుతాయి. మరికొన్ని కేవలం అక్షరాలుగా మిగిలిపోతాయి. ఈ దోషం ఏర్పడే తీరు, పంటకాలం లెక్కలపై దాని ప్రభావం, గుర్తించే మార్గాలు, సవరణ, నివారణ పద్ధతులు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

ఉపోద్ఘాతం

వ్యవసాయ ప్రయోగంలో తేదీ ఒక గుర్తు మాత్రమే కాదు. అది ఒక కొలత. విత్తిన తేదీ, నాట్లు వేసిన తేదీ, 50 శాతం పూత తేదీ, కోత తేదీ అనే నాలుగు నమోదుల నుండే నారు వయసు, పూతకు పట్టిన రోజులు, పంటకాలం, ఉష్ణ ప్రమాణ దినాలు లెక్కింపబడతాయి. ఒక వంగడాన్ని స్వల్పకాలికమని గాని, మధ్యకాలికమని గాని నిర్ణయించేది ఈ లెక్కలే. వర్షాలు ఆలస్యమైన సంవత్సరాలలో ఏ రకాన్ని సిఫారసు చేయాలో విస్తరణ శాస్త్రవేత్త ఈ అంకెల ఆధారంగానే చెబుతాడు. దిగుబడి అంకెను రెండుసార్లు సరిచూసే పరిశోధకులు సైతం తేదీల నిలువు వరుసను సరిచూడటం అరుదు. అందువలన ఇక్కడ జరిగే పొరపాటు తుది నివేదిక వరకు ప్రయాణించగలదు.

స్ప్రెడ్‌షీట్ తేదీని నిల్వ చేసే విధానం

ఎక్సెల్‌లో తెరపై కనిపించే తేదీ వేరు, సెల్‌లో నిల్వ ఉండే విలువ వేరు. సాఫ్ట్‌వేర్ ప్రతి తేదీని ఒక వరుస సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1ని 1గా తీసుకొని లెక్కిస్తే 2023 జులై 4 యొక్క వరుస సంఖ్య 45111 అవుతుంది. రెండు తేదీల మధ్య వ్యవకలనం సాధ్యపడుతున్నది ఈ ఏర్పాటు వల్లనే. సెల్ ఫార్మాట్‌ను మార్చినప్పుడు ఈ సంఖ్య మారదు. అది కనిపించే రూపం మాత్రమే మారుతుంది.

ఈ లెక్కలో రెండు విశేషాలున్నాయి. మొదటిది, 1900 లీపు సంవత్సరం కాకపోయినా ఎక్సెల్ దానిని లీపు సంవత్సరంగా పరిగణిస్తుంది. అంతకు ముందు వాడుకలో ఉన్న లోటస్ 1-2-3తో పొత్తు కుదరడం కోసం ఈ దోషాన్ని అలాగే ఉంచారు. ఆర్ భాషలో ఎక్సెల్ వరుస సంఖ్యలను తేదీలుగా మార్చేటప్పుడు మూల దినంగా 1899 డిసెంబర్ 30ని ఇవ్వవలసి రావడానికి కారణమిదే. రెండవది, పాత మాకింటోష్ కంప్యూటర్లలో తయారైన కొన్ని ఫైళ్లు 1904 నుండి లెక్కించే పద్ధతిని వాడతాయి. అటువంటి ఫైలు నుండి సాధారణ ఫైలుకు తేదీలను అతికించినప్పుడు 1462 రోజుల తేడా, అంటే నాలుగు సంవత్సరాల ఒక రోజు తేడా రావచ్చు.

ప్రాంతీయ అమరిక పాత్ర

విండోస్ కంప్యూటర్‌లో ‘ఇంగ్లీష్ (ఇండియా)’ ప్రాంతం అమర్చి ఉంటే 04-07-2023 అని టైపు చేసినది జులై 4గా నమోదవుతుంది. ‘ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్)’ అమర్చి ఉంటే అదే నమోదు ఏప్రిల్ 7 అవుతుంది. నిర్ణయం నమోదు చేసే క్షణంలోనే జరిగిపోతుంది. ఆ తరువాత సెల్‌లో మిగిలేది వరుస సంఖ్య మాత్రమే.

ఈ కారణంగా ఎక్సెల్ ఫైలుకు, సీఎస్‌వీ ఫైలుకు మధ్య భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఎక్సెల్ ఫైలులో సరిగా నిల్వ అయిన తేదీ వరుస సంఖ్యగా ప్రయాణిస్తుంది కాబట్టి వేరే ప్రాంతపు కంప్యూటర్‌లో తెరిచినా దాని విలువ మారదు. సీఎస్‌వీ ఫైలులో ఉండేది అక్షరాలు మాత్రమే. దానిని తెరిచిన ప్రతిసారీ ఆయా కంప్యూటర్ తన అమరిక ప్రకారం కొత్తగా చదువుతుంది. వాతావరణ కేంద్రాల యంత్రాలు, మొబైల్ సర్వే ఫారాలు దత్తాంశాన్ని తరచుగా సీఎస్‌వీ రూపంలోనే ఇస్తాయి. కనుక ప్రమాదం ఎక్కువగా ఉన్నది అక్కడే.

దోషం ఏ మేరకు జరుగుతుంది?

భారతీయ క్రమంలో వ్రాసిన సంవత్సరపు తేదీలన్నింటినీ అమెరికా అమరిక గల కంప్యూటర్‌లో తెరిచినట్లు భావిస్తే, 365 రోజులు మూడు వర్గాలుగా విడిపోతాయి.

1. రోజు అంకె 13 లేదా అంతకు మించి ఉన్న 221 తేదీలు: 13వ నెల లేదు కాబట్టి ఇవి తేదీలుగా మారక అక్షరాలుగా మిగులుతాయి.
2. రోజు, నెల అంకెలు సమానంగా ఉన్న 12 తేదీలు (07-07 వంటివి): వీటికి ఏ హానీ జరగదు.
3. మిగిలిన 132 తేదీలు: ఇవి చెల్లుబాటయ్యే, కాని తప్పు తేదీలుగా మారతాయి.

మొదటి వర్గం లెక్కలో దోష సంకేతం చూపుతుంది కాబట్టి పట్టుబడుతుంది. సంవత్సరంలో సుమారు 36 శాతమైన మూడవ వర్గం ఏ సంకేతమూ ఇవ్వదు.

పంటకాలం లెక్కపై ప్రభావం: ఒక ఉదాహరణ

అవగాహన కొరకు, 04-07-2023న విత్తిన ఒక రకాల పరీక్షలో నాలుగు ఎంట్రీల 50 శాతం పూత తేదీలను ఈ విధంగా ఊహించవచ్చు. తప్పు అమరికలో విత్తిన తేదీ ఏప్రిల్ 7గా గ్రహింపబడుతుంది.

| ఎంట్రీ | పూత తేదీ | నిజమైన రోజులు | తప్పుగా గ్రహించిన తేదీ | తప్పు లెక్కలో రోజులు |
|---|---|---|---|---|
| 1 | 05-09-2023 | 63 | మే 9 | 32 |
| 2 | 06-09-2023 | 64 | జూన్ 9 | 63 |
| 3 | 08-09-2023 | 66 | ఆగస్టు 9 | 124 |
| 4 | 14-09-2023 | 72 | అక్షరాలుగా మిగిలినది | దోష సంకేతం |

మొదటి, మూడవ ఎంట్రీల మధ్య నిజమైన తేడా 3 రోజులు. తప్పు లెక్కలో అది 92 రోజులైంది. రోజు అంకె నెల స్థానంలోకి వెళ్లినందున ఒక్క రోజు తేడా సుమారు ఒక నెలగా సాగుతుంది. 32, 124 అనే అంకెలు అసహజంగా ఉండటం వలన విద్యార్థి వాటిని అనుమానించవచ్చు. అసలు ప్రమాదం రెండవ ఎంట్రీలో ఉన్నది. అక్కడ రెండు తేదీలూ తప్పే అయినా ఫలితం 63 రోజులు; నిజానికి ఒక్క రోజే తక్కువ. అసహజ విలువలను తొలగించి, దోష సంకేతం చూపిన దానిని లోపించిన విలువగా భావించి విశ్లేషణ కొనసాగిస్తే, పట్టికలో మిగిలేది సరిగా కనిపించే ఈ తప్పు మాత్రమే. అసహజ విలువలను తొలగించడం సవరణ కాదన్నది దీని నుండి గ్రహించవలసిన విషయం.

ఇదే ఫైలును వాతావరణ దత్తాంశంతో తేదీల ఆధారంగా జతపరిస్తే నష్టం మరింత పెరుగుతుంది. జులై 4 ప్రామాణిక వాతావరణ వారాలలో 27వ వారానికి చెందుతుంది. ఏప్రిల్ 7 14వ వారానికి చెందుతుంది. వానాకాలపు పైరుకు వేసవి ఉష్ణోగ్రత, వేసవి వర్షపాతం జతపడతాయి. అప్పుడు లెక్కించిన ఉష్ణ ప్రమాణ దినాలకు, నీటి సమతౌల్యానికి ఆ పైరుతో ఏ సంబంధమూ ఉండదు.

తేదీలు కానివి తేదీలుగా మారుట

తేదీతో సంబంధం లేని సంకేతాలను కూడా స్ప్రెడ్‌షీట్ తేదీలుగా గాని, గడియారపు సమయంగా గాని మార్చివేస్తుంది. మూడవ రెప్లికేషన్ రెండవ ప్లాటును సూచించే 3-2 భారతీయ అమరికలో ఫిబ్రవరి 3గా, అమెరికా అమరికలో మార్చి 2గా మారుతుంది. వేరుశనగ, కంది అంతరపంటలో వరుసల నిష్పత్తి 7:1 అని వ్రాస్తే అది 7 గంటల 1 నిమిషంగా నిల్వ అవుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్‌ల నిష్పత్తి 4:2:1 కూడా 4 గంటల 2 నిమిషాల 1 సెకనుగా మారుతుంది. సంయుక్త ఎరువు 10-26-26 అమెరికా అమరికలో 2026 అక్టోబర్ 26 అవుతుంది. భారతీయ అమరికలో 26వ నెల లేదు కాబట్టి అక్షరాలుగానే ఉంటుంది.

ఈ సమస్య జన్యుశాస్త్రంలో ప్రపంచవ్యాప్తంగా వెలుగులోకి వచ్చింది. సెప్ట్2, మార్చ్1 వంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారుతున్నాయని 2004లోనే ప్రచురితమైంది. ఎక్సెల్ జన్యు జాబితాలను అనుబంధంగా ఇచ్చిన పరిశోధనా పత్రాలలో సుమారు ఐదింట ఒక వంతులో ఇటువంటి దోషాలున్నాయని 2016లో జీనోమ్ బయాలజీ పత్రికలో వచ్చిన పరిశీలన తెలిపింది. మానవ జన్యువులకు పేర్లు పెట్టే సంఘం 2020 నాటి మార్గదర్శకాలలో ఆ పేర్లనే సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1 తరహాలో మార్చవలసి వచ్చింది.

అమరికను పరిశీలించి మార్చే విధానం

విండోస్: కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజియన్’ తెరిచి, ‘ఫార్మాట్స్’ వద్ద ‘ఇంగ్లీష్ (ఇండియా)’ ఎంచుకోవాలి. ‘షార్ట్ డేట్’ వద్ద రోజు ముందుగా ఉన్నదో లేదో చూడాలి. తరువాత ఎక్సెల్‌ను మూసి తిరిగి తెరవాలి. ఈ మార్పు ఇకపై చేసే నమోదులకే వర్తిస్తుంది. ఇప్పటికే తప్పుగా నిల్వ అయిన వరుస సంఖ్యలను ఇది సరిచేయదు.

ఎక్సెల్ సెల్ ఫార్మాట్: ‘ఫార్మాట్ సెల్స్’లోని తేదీ రూపాలలో నక్షత్రపు గుర్తు ఉన్నవి కంప్యూటర్ అమరికను అనుసరించి మారుతుంటాయి, గుర్తు లేనివి స్థిరంగా ఉంటాయి. నివేదికలకు పంపే ఫైళ్లలో గుర్తు లేని రూపాన్ని, లేదా సంవత్సరం–నెల–రోజు అనే స్వంత ఫార్మాట్‌ను వాడటం మేలు.

గూగుల్ షీట్స్: ఇక్కడ అమరిక కంప్యూటర్‌కు కాక ఫైలుకు చెందుతుంది. ‘ఫైల్’ లోని ‘సెట్టింగ్స్’ తెరిచి ‘లొకేల్’ వద్ద ‘ఇండియా’ ఎంచుకోవాలి. పలువురు కలిసి నమోదు చేసే ఫైలుకు దీనిని మొదటి రోజే చేయాలి.

సీఎస్‌వీ ఫైళ్లు: వీటిని నేరుగా తెరవరాదు. ‘డేటా’ మెనూ ద్వారా దిగుమతి చేస్తూ తేదీ వరుసను ‘టెక్స్ట్’గా ఉంచాలి. తరువాత ‘టెక్స్ట్ టు కాలమ్స్’ మూడవ దశలో ‘డేట్’ ఎంచుకొని, మూలంలో ఉన్న రోజు–నెల–సంవత్సరం క్రమాన్ని సూచించాలి. లిబ్రే ఆఫీస్‌లో దిగుమతి సమయంలోనే ఆ వరుసకు ఈ క్రమాన్ని సూచించే వీలున్నది.

దోషాన్ని గుర్తించుట, సవరించుట

గుర్తించడానికి నాలుగు పరీక్షలు చాలు. (1) అలైన్‌మెంట్ మార్చని వరుసలో నిజమైన తేదీలు సెల్‌లో కుడివైపున, అక్షరాలు ఎడమవైపున నిలుస్తాయి. ఒకే వరుసలో రెండూ కనిపిస్తే అనుమానించాలి. (2) ‘కౌంట్’ సూత్రం సంఖ్యలను మాత్రమే, ‘కౌంట్ఏ’ నిండిన సెల్స్ అన్నింటినీ లెక్కిస్తుంది. శీర్షికను మినహాయించి రెండింటికీ వచ్చే తేడా తేదీలుగా మారని నమోదుల సంఖ్యను తెలుపుతుంది. (3) వరుసలోని కనిష్ఠ, గరిష్ఠ తేదీలు ప్రయోగ కాలంలోనే ఉన్నాయో లేదో చూడాలి. (4) విత్తుట, పూత, కోత ఆ క్రమంలోనే ఉన్నాయో ప్రతి ప్లాటుకూ పరీక్షించాలి.

సవరణకు ముందు మూల ఫైలును మార్పులేని ప్రతిగా భద్రపరచాలి. తారుమారైన తేదీలకు, కొత్త వరుసలో ‘డేట్’ సూత్రం వాడి, సంవత్సరాన్ని అలాగే ఉంచి, నెల స్థానంలో రోజును, రోజు స్థానంలో నెలను ఇవ్వాలి. అక్షరాలుగా మిగిలిన వాటికి ‘లెఫ్ట్’, ‘మిడ్’, ‘రైట్’ సూత్రాలతో రోజు, నెల, సంవత్సరాలను విడదీసి ‘డేట్’ సూత్రంలో కూర్చాలి. అయితే ఈ పద్ధతి ఫైలంతా ఒకే కంప్యూటర్‌లో, ఒకేసారి తప్పుగా తెరవబడినప్పుడే చెల్లుతుంది. వేర్వేరు అమరికలు గల కంప్యూటర్లలో పలువురు నమోదు చేసిన ఫైలులో సరైన తేదీలు కూడా కలిసి ఉంటాయి. సూత్రం వాటిని పాడుచేస్తుంది. అటువంటప్పుడు క్షేత్ర పుస్తకంతో ఒక్కొక్క నమోదును సరిపోల్చడం తప్ప మార్గం లేదు.

నమోదులో పాటించవలసిన నియమాలు

- తేదీని సంవత్సరం–నెల–రోజు క్రమంలో, 2023-07-04 వలె వ్రాయాలి. 1988లో మొదట వెలువడిన ఐఎస్ఓ 8601 ప్రమాణం సూచించే రూపమిదే. 2018లో ది అమెరికన్ స్టాటిస్టీషియన్ పత్రికలో బ్రోమన్, వూ స్ప్రెడ్‌షీట్లకు సిఫారసు చేసినదీ ఇదే.
- పలు కేంద్రాల ప్రయోగాలలో సంవత్సరం, నెల, రోజులకు మూడు వేర్వేరు నిలువు వరుసలు కేటాయించడం అన్నింటికన్నా సురక్షితం.
- సంవత్సరాన్ని నాలుగు అంకెలలోనే వ్రాయాలి. ఎక్సెల్ సాధారణంగా 29 వరకు ఉన్న రెండంకెల సంవత్సరాలను 2000ల లోనికి, 30 నుండి 99 వరకు ఉన్నవాటిని 1900ల లోనికి చేరుస్తుంది.
- ప్లాటు సంకేతాలు, నిష్పత్తులు, ఎరువుల గ్రేడుల వరుసలను నమోదుకు ముందే ‘టెక్స్ట్’గా మార్చాలి. తరువాత మార్చితే పోయిన రూపం తిరిగి రాదు.
- క్షేత్ర పుస్తకంలో నెలను అక్షరాలలో వ్రాయాలి. ‘4 జులై 2023’ అన్నది ఏ దేశంలోనూ రెండు విధాలుగా చదవబడదు.
- రైతు సర్వేలలో ‘మృగశిర కార్తెలో విత్తాను’ వంటి సమాధానాన్ని ఊహించిన తేదీగా మార్చక, కార్తెకు వేరే వరుస ఉంచి యథాతథంగా నమోదు చేయాలి. కార్తె సుమారు రెండు వారాల వ్యవధి. దానికి ఒక్క తేదీ ఇవ్వడం లేని ఖచ్చితత్వాన్ని కల్పించడమే.

ముగింపు

తేదీల తారుమారు గణాంక విశ్లేషణతో పరిష్కారమయ్యే దోషం కాదు. విశ్లేషణకు ముందే నివారించవలసిన దోషం. కంప్యూటర్ ప్రాంతీయ అమరికను చూడటానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే. పరిశోధనా కేంద్రాలు ఒకే తేదీ రూపాన్ని నిర్ణయించి నమోదు పత్రం పైభాగంలోనే ముద్రించడం, విద్యార్థులు సిద్ధాంత గ్రంథ దత్తాంశాన్ని సమర్పించే ముందు పైన చెప్పిన నాలుగు పరీక్షలు జరపడం అలవాటుగా మారాలి. పంటకాలాన్ని నమ్మి విత్తే రైతుకు ఆ రోజుల లెక్క సరైనదై ఉండాలి.