లెక్క అడుగుట విరోధము కాదు

సమూయేలు వృద్ధుడైన తరువాత జనులందరి యెదుట నిలిచి ఒక మాట అడిగెను. తాను ఎవని ఎద్దునైనను గాడిదనైనను తీసికొంటినా, ఎవని యొద్దనైనను లంచము పుచ్చుకొంటినా చెప్పుడనియు, అట్లయిన తిరిగి ఇచ్చెదననియు పలికెను (1 సమూయేలు 12). జనులు అట్టిదేదియు లేదని సాక్ష్యమిచ్చిరి. లెక్క చెప్పుట ఆయనకు అవమానముగా తోచలేదు.

మనలో అనేకులు వేరుగా తలంచుచున్నారు. బోరింగు ఏల బాగుకాలేదని సర్పంచిని అడిగినయెడల పగ పట్టునని భయపడుదుము. ఓటు వేసితిమి, మన పని తీరినదని ఊరకుందుము. ఓటు ఒక దినపు పని. పదవి ఐదేండ్ల పని. శాసనసభ్యుని మధ్యలో వెనుకకు పిలుచు హక్కు ఓటరునకు లేదు. కనుక ఆ ఐదేండ్లును అడుగుచుండుటయే మన చేతిలోని కళ్లెము.

మన పుంగనూరు సంగతియే చూతము. 2021 మార్చి మునిసిపల్ ఎన్నికలలో ఈ పట్టణపు 31 వార్డులును ఏకగ్రీవములైనవి. ఒక్క వార్డులోను ఓటు వేయవలసిన పని లేకపోయెను. ఆ యేడే ఏకగ్రీవమైన పంచాయతీలకు జనసంఖ్యనుబట్టి 5 లక్షలు మొదలుకొని 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకమిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. ఏకగ్రీవములు ఎట్లు కలిగెనని పార్టీలు వాదులాడుకొనిరి. ఆ తీర్పు మనకు వద్దు. మనము గ్రహింపవలసినది వేరొకటి. పోటీ ఉన్నచోట ఒకని తప్పును మరియొకడు బయటపెట్టును. పోటీ లేనిచోట ఆ భారమంతయు ఓటరు మీదనే పడును. మేము ఓటు వేయలేదు గనుక అడుగరాదనుట సరికాదు. ఏకగ్రీవముగా వచ్చినవాడును ఖర్చు పెట్టునది ప్రజల సొమ్మే.

అయితే ఎట్లు అడుగవలెను?

మొదటిది గ్రామసభ. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ దానికి స్థానమిచ్చెను. గ్రామపు ఓటర్లందరు అందులో సభ్యులు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతీ జమాఖర్చులు, ఆడిటు నివేదిక, చేయబోవు పనులు ఆ సభ యెదుట పెట్టవలెను. మనము పోనియెడల ఖాళీ కుర్చీలే వాటిని ఆమోదించును.

రెండవది 2005 నాటి సమాచార హక్కు చట్టము. పని పేరు, సంవత్సరము తెల్లకాగితముపై వ్రాసి ఖర్చు లెక్కల నకలు కోరవచ్చును. గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు. 30 దినములలో జవాబు రావలెను. రానియెడల పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును.

మూడవది, కాగితమును పనితో సరిచూచుట. 2006లో అనంతపురము జిల్లాలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఆరంభమాయెను. పల్లె యువకులు మస్టరు రోలు పట్టుకొని ఇంటింటికి పోయి కూలి అందెనా అని విచారించి, బహిరంగ సభలో చదివి వినిపించిరి. ఈ తనిఖీలు మన రాష్ట్రమంతట వ్యాపించెను. దొంగ పేర్లు బయటపడెను; కాజేసిన సొమ్మును సభలోనే తిరిగి చెల్లించినవారును కలరు. అక్షరము తెలిసిన నలుగురు పిల్లలు మన ఊరిలోను లేరా?

ఒంటరిగా అడిగిన కూలివానిని బెదరించుట సులభము. ఇరువదిమంది సంతకము చేసిన కాగితమును బెదరించుట కష్టము. కావున కలిసి అడుగుదము. మనిషిని దూషింపక పనిని గూర్చియే అడుగుదము. చేసిన పనిని చేసెనని ఒప్పుకొందము. సమూయేలు నాటి జనులు అట్లే సాక్ష్యమిచ్చిరి. మరియొక మాట: ఓటునకు నోటు పుచ్చుకొన్నవాని నోరు ఐదేండ్లు మూతపడును. అడుగగోరువాడు మొదట తన చేయి శుభ్రముగా ఉంచుకొనవలెను.

కూటములో ఆలోచించుటకు:
1. గడచిన గ్రామసభకు మనలో ఎందరు పోయిరి?
2. ఈ యేడు మన వీధికి మంజూరైన పని ఏది? ఎంత సొమ్ము? పని పూర్తియైనదా?
3. మన సంఘపు చందా లెక్క అందరియెదుట చదువబడుచున్నదా?