ఆన్‌లైన్ అసైన్‌మెంటు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పూర్వము ఉపాధ్యాయుడిచ్చిన ఇంటిపనిని విద్యార్థి నోటుపుస్తకములో వ్రాసి, మరునాడు బడిలో చూపెడివాడు. నేడు పెక్కు కళాశాలలలోను, కొన్ని పాఠశాలలలోను ఈ పని ఇంటర్నెట్ ద్వారా జరుగుచున్నది. ప్రశ్న తెరపై కనబడును. జవాబును అక్కడనే పంపవలెను. మార్కులును అక్కడనే తెలియును. ఈ ఏర్పాటును నడిపెడి సాధనమునకు లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని పేరు.

పట్టణమున హాస్టలులో నున్న విద్యార్థికిని, పల్లెలో ఇంటిల్లిపాదికి గల ఒక్క ఫోనుతో చదువుకొను విద్యార్థినికిని ఒకే గడువు, ఒకే నియమము. పని పూర్తిచేసియు, దానిని పంపలేక మార్కులు పోగొట్టుకొనుట న్యాయము కాదు. అట్టి నష్టమును చాలవరకు అసైన్‌మెంటును ఏర్పాటు చేయునపుడే నివారింపవచ్చును. అందుచేత ఆ ఏర్పాటు ఎట్టిదో గ్రామ నాయకులు తెలిసికొనుట అవసరము.

మూడిల్ పుట్టుక

ఇట్టి సాధనములలో మూడిల్ ప్రసిద్ధమైనది. దీనిని రూపొందించినవారు ఆస్ట్రేలియా దేశీయుడగు మార్టిన్ డూగియామస్. ఆయన బాల్యము పశ్చిమ ఆస్ట్రేలియాలోని మారుమూల ఎడారి ప్రాంతమున గడచినది. బడికి దూరముగా నున్న పిల్లలకు అచ్చట రేడియో ద్వారా పాఠములు చెప్పెడివారు. ఆయన ప్రాథమిక విద్య అట్లే సాగినది. మూడిల్ మొదటి ప్రతి 2002 ఆగస్టులో వెలువడినది. దీనికి ఖరీదు లేదు. ఏ విద్యాసంస్థయైనను తన సర్వరులో నెలకొల్పుకొని, తన అవసరములకు తగినట్లు మార్చుకొనవచ్చును.

అసైన్‌మెంటు ఏర్పాటు

ఉపాధ్యాయుడు తన కోర్సును తెరచి, అసైన్‌మెంటు అను అంశమును చేర్చి, కొన్ని వివరములను పూరింపవలెను. వానిలో ముఖ్యమైనవి ఐదు.

మొదటిది వివరణ. ఏమి వ్రాయవలెను, ఎంత వ్రాయవలెను, ఎట్లు పంపవలెను అను సంగతులు స్పష్టముగా నుండవలెను. సందేహము కలిగినచో ఇంటివద్దనున్న విద్యార్థికి వెంటనే అడుగుటకు ఎవరును ఉండరు. వివరణను తెలుగులోనే వ్రాయవచ్చును.

రెండవది తేదీలు. వీనిలో ముఖ్యమైనవి మూడు: జవాబులు స్వీకరించుట మొదలగు తేదీ, గడువు తేదీ, మూసివేత తేదీ. గడువు తేదీ దాటిన పిదప వచ్చిన జవాబును మూడిల్ స్వీకరించును గాని, ఆలస్యమైనదని గుర్తు వేయును. మూసివేత తేదీ దాటినచో, ఉపాధ్యాయుడు ప్రత్యేకముగా గడువు పొడిగించిననే తప్ప, జవాబును స్వీకరింపదు.

మూడవది పంపు విధానము. జవాబును తెరపై టైపు చేయనీయవచ్చును, ఫైలుగా పంపనీయవచ్చును, రెండింటిని అనుమతింపవచ్చును. ఫైళ్ల సంఖ్యకు, పరిమాణమునకు హద్దులు విధింపవచ్చును. ఫోనుతో తీసిన ఒక్కొక్క పుట ఫొటో 4 మెగాబైట్లనుకొందము. ఐదు పుటలకు 20 మెగాబైట్లగును. హద్దు 5 మెగాబైట్లైనచో, వానిని ఒకే ఫైలుగా కూర్చి పంపిన చేరవు. హద్దు చాలినను, సెకనుకు ఒక మెగాబిట్ వేగమున వానిని పంపుటకు సుమారు 160 సెకనులు పట్టును. టైపు చేసిన జవాబు మిక్కిలి తేలిక కనుక, బలహీనమైన సిగ్నల్‌తోను చేరగలదు.

నాలుగవది చిత్తుప్రతి. విద్యార్థి తుదిగా ‘సమర్పించు’ అను మీటను నొక్కవలెనని ఉపాధ్యాయుడు నియమము పెట్టవచ్చును. అప్పుడు దానిని నొక్కువరకు జవాబు చిత్తుగానే యుండును, దిద్దుకొనవచ్చును. నొక్కుట మరచినచో అది చిత్తుగానే మిగిలిపోవును. ఈ సంగతిని విద్యార్థులకు ముందుగా చెప్పవలెను.

ఐదవది మార్కులు. ఏ అంశమునకు ఎన్ని మార్కులో పట్టికగా ముందే చూపవచ్చును. దిద్దువారికి విద్యార్థి పేరు కనబడకుండ చేయు సదుపాయమును గలదు.

ఒక్క రాత్రి కథ

ఒక విద్యార్థిని పగలు పొలము పనిలో తల్లికి సాయపడి, ఆదివారము రాత్రి జవాబు ముగించినదనుకొందము. గడువు ఆ రాత్రి 12 గంటలు. పదింటికి కరెంటు పోయినది, దానితో సిగ్నల్ కూడ పోయినది. ఉదయమునకుగాని తిరిగి రాలేదు. గడువు, మూసివేత ఒకే వేళకు నిర్ణయించినచో ఆమె శ్రమ వ్యర్థము. మూసివేతను రెండుమూడు దినములు తరువాతకు ఉంచినచో ఆమె జవాబు చేరును. ఆలస్యమునకు కారణము చూచి ఉపాధ్యాయుడు తీర్మానించును. ఈ మార్పు చేయుటకు ఒక్క నిమిషము చాలును, ఖర్చేమియు లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు గలవు. ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును వానిలోనివే. కావున ఇది పంచాయతీకి సంబంధింపని విషయము కాదు. అయితే గడువులు నిర్ణయించు అధికారము ఉపాధ్యాయునిదే. అందు జోక్యము చేసికొనక, గ్రామ పరిస్థితులను ఆయనకు తెలియజేయుట సభ్యుల పని.

కరెంటు తరచుగా పోవు వేళలను, సిగ్నల్ అందని వాడలను, కోతలు నాట్లు సాగు దినములను వ్రాసి, ప్రధానోపాధ్యాయునకో ప్రిన్సిపాలుకో పంపవచ్చును. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు ద్వారా ఇంటర్నెట్ అందించుటకు కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. ఆ సంబంధము పనిచేయుచున్నచోట, సాయంకాలము రెండు గంటలసేపు పంచాయతీ కార్యాలయమునందో గ్రంథాలయమునందో విద్యార్థులకు చోటు చూపవచ్చును. పనిచేయనిచోట ఆ సంగతిని తీర్మాన రూపమున పైఅధికారులకు వ్రాయవచ్చును. ఆడపిల్లలు నిర్భయముగా వచ్చి పోవుటకు తగిన వేళను, వెలుతురును ఏర్పరుపవలెను. విద్యార్థి పాస్‌వర్డును ఎవరును అడుగరాదు. పని ముగిసిన వెంటనే ఖాతానుండి బయటికి రావలెనని పిల్లలకు నేర్పవలెను.

వచ్చు పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టుడు. మీ గ్రామమున ఎందరు పిల్లలు ఇట్లు అసైన్‌మెంట్లు పంపుచున్నారో, ఎందరికి సొంత ఫోను లేదో ముందుగా లెక్క తీయుడు. ఆ లెక్క ఉపాధ్యాయుని చేతికి చేరినచో, పిల్లల చదువును వారి సిగ్నల్‌ను బట్టి కాక, వారి శ్రమను బట్టి తూచుటకు ఆయనకు వీలు కలుగును.