కుట్టని దోమ

(ఒకేలా కనిపించినవన్నీ ఒకటి కావు. చూసి, పోల్చి, ఆ తరువాతే పేరు పెట్టాలని శాస్త్రం నేర్పుతుంది. ఒక చిన్న కీటకం ద్వారా ఆ పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.)

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో ఐస్లాండు అనే ద్వీపం ఉంది. దాని ఉత్తర భాగంలో ‘మీవత్న్’ అనే సరస్సు ఉంది. ఆ మాటకు ‘చిరుదోమల సరస్సు’ అని అర్థం. వేసవిలో ఆ ఒడ్డున కోట్లకొద్దీ చిన్న పురుగులు పొగ లేచినట్లు లేస్తాయి. కొత్తవారు “అమ్మో, దోమలు!” అని ముఖం కప్పుకుంటారు. కాని పొగలా లేచే ఆ పురుగులు కుట్టవు.

అవి దోమలు కావని ఎలా తెలుస్తుంది? ముందు నోరు చూడాలి. దోమకు సూదివంటి పొడవైన తొండం ఉంటుంది. వీటికి ఉండదు. తరువాత రెక్క చూడాలి. దోమ రెక్కల మీద సన్నని పొలుసులుంటాయి. వీటి రెక్కల మీద ఉండవు. వాలినప్పుడు దోమ తరచు వెనుక కాళ్లను ఎత్తుతుంది. ఇవి ముందు కాళ్లను ఎత్తుతాయి. అందుకే ఈ కుటుంబానికి ‘కైరోనోమిడే’ అని పేరు. చేతులతో అభినయించేవాడు అనే గ్రీకు మాట నుండి ఇది పుట్టింది.

మగపురుగు మీసాలు ఈకల్లా కుచ్చులుగా ఉంటాయి. మగదోమ మీసాలూ అలాగే ఉంటాయి! కాబట్టి ఒక్క గుర్తును చూసి తీర్పు చెప్పరాదు.

మీవత్న్‌లో ఎక్కువగా ఉండే జాతి వర్గీకరణ ఇది:

క్రమం – డిప్టెరా (రెండు రెక్కల కీటకాలు)
కుటుంబం – కైరోనోమిడే
ప్రజాతి – టానిటార్సస్
జాతి – గ్రాసిలెంటస్

దోమ కూడా డిప్టెరా క్రమానికి చెందినదే. కాని దాని కుటుంబం వేరు, అది క్యూలిసిడే. ‘గ్రాసిలెంటస్’ అంటే లాటిన్‌లో ‘సన్ననిది’. 1883లో హోమ్‌గ్రెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ జాతిని వర్ణించాడు. దగ్గరి జాతులను విడదీయడానికి కంటిచూపు చాలదు. మగపురుగు పొట్ట చివరి భాగాలను, డింభకం తలలోని పళ్ల వరుసను, ప్యూపా విడిచిన పొరను సూక్ష్మదర్శినిలో పరిశీలించాలి.

వీటి డింభకాలు సరస్సు అడుగున బురదలో గొట్టాలు కట్టుకొని నివసిస్తాయి. చేపలకూ బాతులకూ అవే జీవాధారం. కొన్నేళ్లకొకసారి వీటి సంఖ్య బాగా పడిపోతుంది. అప్పుడు చేపలకూ బాతులకూ తిండి కరువవుతుంది.

ఐస్లాండులో ఆరుబయట అసలైన దోమలు ఒకప్పుడు కనిపించేవి కావు. 2025 అక్టోబరులో ఒక కీటకాభిమాని చిమ్మటల కోసం తీపి ఎర పూసిన తాడు కట్టాడు. దానిపై వింత పురుగు ఒకటి వాలింది. “ఇక్కడ ఉండేవే కదా!” అని అతడు ఊరుకోలేదు. మొత్తం మూడింటిని పట్టి పరిశీలనకు పంపాడు. అవి దోమలేనని శాస్త్రజ్ఞులు తేల్చారు. రెండు ఆడవి, ఒకటి మగది. అక్కడ ప్రకృతిలో దోమలు దొరకడం అదే మొదటిసారి.

చూశారా! తొందరపడితే మిత్రుని శత్రువనుకుంటాం. ఏమరుపాటుగా ఉంటే కొత్తగా వచ్చినదాన్ని పాతదే అనుకుంటాం. నిదానమే ప్రధానం అని పెద్దలు అన్నది ఇందుకే.

అర్థాలు
డింభకం = గుడ్డు నుండి వచ్చిన పిల్లపురుగు
ప్రజాతి = దగ్గరి జాతుల సమూహం
ఏమరుపాటు = అజాగ్రత్త

ప్రశ్నలు
1. దోమకూ కుట్టని దోమకూ గల మూడు భేదాలు రాయండి.
2. మీసాలను మాత్రమే చూసి ఎందుకు నిర్ణయించరాదు?
3. మీవత్న్‌లో ఈ పురుగులు తగ్గితే ఏమవుతుంది?

వ్యాకరణం
జీవ + ఆధారం = జీవాధారం (సవర్ణదీర్ఘ సంధి). పాఠంలో ఇటువంటి మరొక పదాన్ని వెదకి విడదీయండి.

చేయండి
చెరువు దగ్గరి దీపం చుట్టూ మూగే పురుగులను గమనించండి. వాటిని మీ ఇంట్లో ఏమంటారో, మీ ప్రాంత భాషలో ఏమంటారో పెద్దలనడిగి రెండు పేర్లూ పక్కపక్కన రాయండి.